తప్పుల్లేకుండా తెలుగు రాయడం ఎలా?

ఈ రోజుల్లో తెలుగు రాతలో తప్పులు లెక్కలేనన్ని ఉన్నట్టు అనిపిస్తాయి గానీ, కూర్చుని చూస్తే అవి పుట్టే చోట్లు చాలా కొద్ది. ఒత్తులు, మూడు రకాల స, న-ణలు, ల-ళలు, వట్రుసుడి, ఆపైన వాక్యం రాయడంలో రెండు మూడు అలవాట్లు. ఫ్లెక్సీ మీద ‘సంధర్భంగా’ అనీ, శుభలేఖలో ‘నిశ్చితార్ధం’ అనీ, స్టేటస్‌లో ‘భాధ’ అనీ రాసేవాళ్లు చదువు రానివాళ్లు కారు. బళ్లో తెలుగు చదివారు, పరీక్షలు రాశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి తెలుగులో నాలుగు వాక్యాలు రాసే పని పడలేదు. ఇప్పుడు ఫోన్ వల్ల మళ్లీ రోజూ రాస్తున్నారు. రాయాలన్న కోరిక ఉంది కాబట్టి సరిదిద్దుకోవడం పెద్ద కష్టం కాదు. వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు. కింద చెప్పిన వరసలో వెళ్లండి.

ముందు, ఏది తప్పు కాదో తేల్చుకోండి

‘వచ్చిండు’, ‘వచ్చినాడు’, ‘వచ్చాడు’ మూడూ తెలుగే. ఎవరి ప్రాంతం మాట వాళ్లు రాసుకోవడం తప్పు కాదు. దాన్ని దిద్దే అధికారం ఎవరికీ లేదు. తెలంగాణ పిల్లవాడు స్టేటస్‌లో ‘పోయిన’ అని రాస్తే ‘వెళ్లాను’ అని సరిచేయడం భాషాసేవ కాదు. జనం మాట్లాడే భాషే పుస్తకాల్లోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున వేసే ఫ్లెక్సీల్లోనే ‘బాషా దినోత్సవం’ అని కనిపించడం నిజంగా బాధ కలిగిస్తుంది.

అలాగే అరసున్న పోయింది, బండి ర దాదాపు పోయింది, ‘వ్రాయు’ కాస్తా ‘రాయు’ అయింది. ఇవి భాష మారడం, దిగజారడం కాదు. ‘పెళ్లి’, ‘పెళ్ళి’ రెండూ వాడుకలో ఉన్నాయి. ‘కల్యాణం’, ‘కళ్యాణం’ కూడా అంతే. ఏదో ఒకటి ఎంచుకుని ఒకే రాతలో అదే వాడండి, చాలు.

మరి తప్పంటే ఏది? ఏ ప్రాంతం వాళ్ల నోటా లేకుండా, ఏ నిఘంటువులోనూ లేకుండా కేవలం అజాగ్రత్త వల్ల పుట్టింది తప్పు. ‘భాధ’ అలాంటిది. ‘భాద్యత’ అలాంటిది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే అక్కర్లేని వాదాలు సగం తగ్గుతాయి.

ఫోన్‌లో తెలుగు అక్షరాల కీబోర్డు పెట్టుకోండి

మనలో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగులోకి మార్చుకుంటారు. ఇక్కడే సగం తప్పులు పుడుతున్నాయని నా నమ్మకం. ఇంగ్లీషులో కె, ఎ, ఎల్, ఎ అని కొట్టి చూడండి. కల, కళ, కాల, కాలా, ఇన్నింటికీ అవే నాలుగు అక్షరాలు. ఫోన్ ఒకటి ఊహించి ముందు చూపిస్తుంది, తొందరలో ఉన్న వేలు దాన్నే నొక్కేస్తుంది. పేర్లు రాసేటప్పుడు మనం త కీ థ కీ ఒకే టి-హెచ్ వాడతాం. ద కి ఒకసారి డి, ఇంకోసారి డి-హెచ్ వాడతాం. ఆ అలవాటుతోనే తెలుగు కొడితే థ, ధ, ద మూడూ కలిసిపోతాయి. ‘కథ’ బదులు ‘కధ’ ఇంతగా పాకడానికి ఇదీ ఒక కారణం.

ఫోన్‌లో గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో భాషల సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు ఎంచుకుంటే నేరుగా అఆలు, కఖగఘలు కనిపించే కీబోర్డు వస్తుంది. కంప్యూటర్లో అయితే విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అక్షరాల కీబోర్డు అమరిక ఉంది, విడిగా ఏదీ కొనక్కర్లేదు. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, విసుగొస్తుంది. కానీ ద కావాలా ధ కావాలా అని ప్రతిసారీ మీరే నిర్ణయించుకోవాల్సి రావడం వల్ల కొన్నాళ్లకే మాట ఆకారం కంటికి అలవాటవుతుంది. ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతానంటే కనీసం సూచనల వరసను ఒకసారి చదివి, కావలసినదాన్నే ఎంచుకోండి.

ఇంకో ఇబ్బంది ఉంది. ఒకసారి తప్పు మాట కొడితే ఫోన్ దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత అదే చూపిస్తుంది. జీబోర్డులో ఆ సూచనను నొక్కి పట్టుకుంటే చెత్తబుట్ట గుర్తు వస్తుంది. తప్పు మాటను అందులోకి లాగి పడేయండి.

‘సాఫ్ట్‌వేర్’ లాంటివి కొట్టినప్పుడు వ వెళ్లి ట కింద ఇరుక్కుని ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. విడదీసే మీట మీ కీబోర్డులో దొరక్కపోతే తెలుగు పద్ధతిలో చివర అచ్చు చేర్చండి: సాఫ్టువేరు, ఫేసుబుక్కు, హైదరాబాదులో. చదవడానికీ హాయిగా ఉంటుంది.

ఒత్తుల్ని మాటల కుటుంబాలుగా గుర్తుపెట్టుకోండి

అసలు కష్టమంతా ఇక్కడే. మామూలుగా మాట్లాడేటప్పుడు మనం ఒత్తులు పెద్దగా పలకం. ‘విద్యార్థి’ని చాలామంది ‘విద్యార్ది’ అనే అంటారు. అందుకే చెవిని నమ్ముకుంటే లాభం లేదు, కంటికి నేర్పాలి.

మొదటి సూత్రం: అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు ఉండవు. చిన్నయసూరి తన వ్యాకరణంలో తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్పాడు. వాటిలో ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, ఫ, భ లాంటివి ఒక్కటీ లేవు. కాబట్టి పెద్ద, ఎద్దు, ముద్దు, వద్దు, హద్దు, దిద్దు, బాగా, బువ్వ, బండి లాంటి ఇంటి మాటలకు ఒత్తు పెట్టాలని అనిపిస్తే ఆగండి. నలభై, యాభై లాంటి అంకెల మాటలు ఈ సూత్రానికి లొంగవు. వాటిని అలాగే గుర్తుంచుకోవాలి.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు మాత్రం కుటుంబాలు పనికొస్తాయి. ‘అర్థం’ ఒక పెద్ద కుటుంబం: విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, పదార్థం, స్వార్థం, సమర్థుడు, నిశ్చితార్థం. వీటన్నిటిలో థ. ‘అర్ధం’ అంటే సగం. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధగంట దాని కుటుంబం. ఈ రెంటికీ రాతలో తేడా ఒక్క చుక్క. థ పొట్టలో చుక్క ఉంటుంది, ధ పొట్టలో ఉండదు. అది వత్తుగా కిందికి దిగినప్పుడు ఫోన్ తెరమీద ఆ చుక్క కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. వేళ్లతో తెరను పెద్దది చేసి ఒక్కసారి ‘అర్థం’, ‘అర్ధం’ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ చుక్క చూడటం అలవాటైతే జీవితంలో మళ్లీ ‘విద్యార్ధి’ అని రాయలేరు.

ఇంకో కుటుంబం స్థ. నిలవడం, ఉండటం అనే భావం ఉన్నచోటల్లా స్థ వస్తుంది: స్థలం, స్థానం, స్థాయి, స్థితి, పరిస్థితి, సంస్థ, వ్యవస్థ, అవస్థ, స్థాపన. పుస్తకం, హస్తం, వస్తువు, ప్రస్తుతం, స్తోత్రం, విస్తరణ, ఇవి ఆ కుటుంబం కావు, వీటికి మామూలు త. ‘స్ధలం’ అని ధ పెట్టి రాయడం బోర్డుల మీద విపరీతంగా కనిపిస్తుంది. అది ఏ లెక్కనా సరికాదు.

ద్ధ కుటుంబం కూడా పెద్దదే: బుద్ధి, శుద్ధి, సిద్ధం, యుద్ధం, శ్రద్ధ, పద్ధతి, ప్రసిద్ధి, అభివృద్ధి. ఊరి అభివృద్ధి గురించి పెట్టే బోర్డుల్లో ‘అభివృద్ది’ అనే ఎక్కువగా చూస్తుంటాం. ‘ఉద్దేశం’ మాత్రం ద్ద, దానికి ఒత్తు తగిలించకండి.

ఇక మ తర్వాత వచ్చే బ, భ. కుటుంబం, సంబంధం, సంబరం: వీటిలో బ. ప్రారంభం, ఆరంభం, స్తంభం, గంభీరం, సంభాషణ: వీటిలో భ. ‘కుటుంభం’, ‘సంభందం’ అని రాసేవాళ్లు ఒత్తు మర్చిపోలేదు, ఎక్కడో ఒకచోట ఉండాలని గుర్తుండి తప్పుచోట పెట్టారు. ‘భాధ’, ‘ఉచ్ఛారణ’, ‘విచ్ఛేసి’, ‘సంధర్భం’, ‘వైధ్యం’ కూడా ఇలాంటివే. సరైనవి బాధ, ఉచ్చారణ, విచ్చేసి, సందర్భం, వైద్యం. ఒత్తు పెడితే మాటకు గౌరవం వస్తుందన్న భ్రమ వదిలేయండి. ఒత్తు నిజంగా ఉండాల్సినవి స్వచ్ఛ, స్వేచ్ఛ, పుష్పగుచ్ఛం. వాటికి పెట్టడం మానకండి.

ఒత్తు మారితే అర్థమే మారిపోయే జంటలు కొన్ని ఉన్నాయి, వీటిని తప్పనిసరిగా నేర్చుకోండి. పథకం ప్రభుత్వానిది, పతకం ఆటగాడిది. పాఠం బడిలో చెప్పేది, పాట పాడేది. మధ్య అంటే నడుమ, మద్యం అంటే సారా. ‘మద్యాహ్న భోజన పథకం’ అని బడి గోడ మీద రాస్తే అది చిన్న పొరపాటు కాదు. ప్రథమ అంటే మొదటి, ప్రధాన అంటే ముఖ్యమైన. ‘ప్రధమ’ అనే మాట లేదు. ధనం డబ్బు, దానం ఇవ్వడం. ‘అన్నధానం’ కాదు, అన్నదానం.

మీ పనికి కావలసిన మాటలు ఎన్నో ఉండవు. ఉద్యోగం, బడి, గుడి, పెళ్లి, రాజకీయం, మీరు దేని గురించి ఎక్కువగా రాస్తారో వాటికి సంబంధించిన ఒత్తుల మాటలు ఒక కాగితం మీద రాసి కంటికి కనిపించేచోట అంటించుకోండి.

శ, ష, స, న, ణ, ల, ళ

వీటికి కాస్త సులువైన దారి ఉంది. పక్కన వచ్చే అక్షరం చూడండి. చ-ఛల ముందు శ: నిశ్చయం, ఆశ్చర్యం, పశ్చిమం. ట-ఠల ముందు ష: కష్టం, ఇష్టం, నష్టం, ప్రతిష్ఠ, నిష్ఠ. త-థల ముందు స: వస్తువు, హస్తం, స్థలం. ఇంగ్లీషు నుంచి వచ్చిన స్టేషన్, పోస్టు లాంటివి దీనికి లోబడవు. పక్కన ఆసరా లేనప్పుడు మాత్రం గుర్తుపెట్టుకోవడమే: దేశం, ఆశ, సందేశం, విశేషం, సంతోషం, ప్రశంస, శాసనం.

ణ విషయానికొస్తే, సంస్కృత పదంలో ర గానీ ష గానీ ఋ గానీ ముందుగా వస్తే ఆ తర్వాత వచ్చే న చాలాసార్లు ణ అవుతుంది: కారణం, ప్రాణం, ప్రయాణం, పురాణం, గ్రహణం, లక్షణం, నిర్వహణ. మధ్యలో చ, ట, త వర్గాల అక్షరమో, శ-సలో అడ్డం పడితే న మారదు: దర్శనం, రచన, ప్రార్థన, ప్రధానం. దానం, భోజనం, జ్ఞానం లాంటివాటిలో ముందు ర-షలు లేవు కాబట్టి న అలాగే ఉంది. గుణం, గణితం లాంటి కొన్నిటిలో ణ పుట్టుకతోనే ఉంటుంది.

ల, ళ తేడా ఒకటికి నాలుగుసార్లు చూసుకోవాలి. కళ్లు చూసేవి, కల్లు తాటిచెట్టుది. ఇల్లు ఒకటి, ఇళ్లు చాలా. ఒకే ఒక్క వాటా అద్దెకిస్తూ ‘ఇళ్లు అద్దెకు’ అని బోర్డు పెట్టేవాళ్లు ఎందరో!

వట్రుసుడి, దీర్ఘాలు

హృదయం, కృతజ్ఞత, కృషి, దృష్టి, వృద్ధులు, మృతి, గృహం. వీటిలో కిందికి తిరిగే సుడి రావాలి. ‘హ్రుదయం’, ‘క్రుషి’ అని రావత్తు పెట్టి కొమ్ము ఇవ్వకూడదు. క్రూరం, ధ్రువం, శ్రుతి లాంటివి రావత్తుతోనే సరి. జ్ఞానంలో జ కింద ఞ వత్తు ఉంటుంది. మధ్యాహ్నం, చిహ్నం, బ్రహ్మ, ఆహ్వానం, వీటన్నిటిలో హ పైన ఉంటుంది, రెండో అక్షరం కింద ఉంటుంది. నోటితో పలికేటప్పుడు తారుమారవుతుంది, రాసేటప్పుడు కానివ్వకండి.

దీర్ఘాలు ఎక్కువగా దెబ్బతినేది శుభకార్యాల మాటల్లో. ముహూర్తం, ఆశీస్సులు, శుభాకాంక్షలు. ‘ముహుర్తం’, ‘ఆశిస్సులు’, ‘శుభాకాంక్షాలు’ కావు.

వాక్యాన్ని పైకి చదివి చూడండి

స్పెల్లింగుకు చెవి పనికిరాదన్నాను, వాక్యానికి చెవే దిక్కు. రాసింది ఒకసారి పైకి చదవండి. ఇంట్లో అమ్మతో అలా మాట్లాడగలరా? ‘మా యొక్క సంస్థ యొక్క సేవలు’ అని ఎవరూ అనరు, ‘మా సంస్థ సేవలు’ అంటారు. యొక్క కనిపించినచోటల్లా తీసేసి చూడండి. పదింట తొమ్మిదిసార్లు వాక్యం బాగుపడుతుంది. ‘సమావేశం నిర్వహించబడుతుంది’ కంటే ‘సమావేశం జరుగుతుంది’ నయం.

‘నాన్నగారు నిన్న వచ్చారు, ఇప్పుడు ఇంట్లో లేడు’ అని సగంలో మర్యాద వదిలేయకండి. ‘సీట్లు ఖాళీగా ఉంది’ కాదు, ఉన్నాయి. ‘స్టూడెంట్స్‌లు’ అనక్కర్లేదు, స్టూడెంట్లు చాలు. చేసి, చూసి, రాసి, వేసి నుంచి వచ్చే భూతకాలానికి పత్రికల్లో, పుస్తకాల్లో స్థిరపడ్డ రూపం శ: చేశారు, చూశారు, రాశారు, వేశారు. చేస్తారు, చేసిన, చేసే లాంటివాటిలో స.

లో, తో, కు, ని ముందు మాటకు అతికించి రాయండి. నుంచి, కోసం, గురించి విడిగా రాయండి. చేయకూడదు, రాలేదు, చెప్పలేను లాంటివి విడగొట్టకండి. కామా తర్వాత ఖాళీ ఉండాలి, ముందు ఉండకూడదు.

ఒక నోటీసు దిద్ది చూద్దాం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకచోట చేరితే ఎలా ఉంటుందో చూడండి. ఇలాంటి నోటీసు మీ కాలనీ గ్రూపులోనూ వచ్చే ఉంటుంది.

‘కాలనీ వాసులకు విజ్ఞప్తి. వినాయక ప్రతిష్ట సంధర్భంగా ఆదివారం మద్యాహ్నం 12 గంటలకు పాటశాల ఆవరణ లో అన్నధానం నిర్వహించబడును. ప్రతి ఒక్కరూ విచ్ఛేసి జయప్రదం చేయవలసిందిగా ప్రార్ధన. దాతల యొక్క సహాకారానికి హ్రుదయపూర్వక దన్యవాదాలు. ఇట్లు, అభివృద్ది కమిటి అద్యక్షులు.’

కింద చదివే ముందు మీరే ఒక పెన్ను తీసుకుని దిద్దండి. నేనైతే ఇలా మారుస్తాను.

‘కాలనీ వాసులకు విజ్ఞప్తి. వినాయక ప్రతిష్ఠ సందర్భంగా ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు పాఠశాల ఆవరణలో అన్నదానం జరుగుతుంది. అందరూ వచ్చి జయప్రదం చేయాలని ప్రార్థన. దాతల సహకారానికి హృదయపూర్వక ధన్యవాదాలు. ఇట్లు, అభివృద్ధి కమిటీ అధ్యక్షులు.’

‘విచ్చేసి’ అని సరిచేసి ఉంచినా తప్పు లేదు. ‘వచ్చి’ అంటే సూటిగా ఉందని మార్చాను. ‘కమిటీ’ దీర్ఘం, ‘సహకారం’ హ్రస్వం గమనించారా? ఒత్తుల మీద దృష్టి పెట్టినప్పుడు ఇవి జారిపోతుంటాయి. అందుకే ఒకసారి ఒత్తుల కోసం, ఇంకోసారి దీర్ఘాల కోసం విడివిడిగా చదవండి.

అనుమానం వస్తే నిఘంటువు చూడండి

గూగుల్‌లో వెతికి ఎక్కువ చోట్ల కనిపించిందే సరైనదనుకోకండి. ‘భాధ’ అని వెతికినా బోలెడు కనిపిస్తాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటు శోధన ఉంది. శబ్దరత్నాకరం, బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుతో పాటు ఇంకా చాలా వాటిలో ఒకేసారి వెతుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఒక చిట్కా: పాత నిఘంటువుల్లో మాటలు ‘ము’తో ముగుస్తాయి. ‘ఆహ్వానం’ దొరక్కపోతే ‘ఆహ్వానము’ అని వెతకండి. కొన్ని మాటలకు మధ్యలో అరసున్న, బండి ర కనిపిస్తాయి, కంగారు పడకండి.

అచ్చుకు ఇచ్చేటప్పుడు

వాట్సాప్ మెసేజ్‌లో తప్పు పోతే మళ్లీ పంపవచ్చు. శుభలేఖ, ఫ్లెక్సీ, శిలాఫలకం అలా కాదు. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లతో పని నడుస్తోంది. మీరు ఫోన్‌లో టైపు చేసి పంపింది యూనికోడు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి. ఆ రెండూ వేరు కాబట్టి ఆపరేటరు మళ్లీ టైపు చేస్తారు, లేదా కన్వర్టరులో వేసి మారుస్తారు. మీరు సరిగ్గా పంపినా అక్కడ కొత్త తప్పులు చేరతాయి. కొన్ని పాత డిజైన్ సాఫ్టువేర్లలో యూనికోడు తెలుగు పేస్టు చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడతాయి కూడా.

అందుకని ఫోన్‌లో చెప్పి రాయించకండి, టైపు చేసి పంపండి. ప్రూఫ్ ఫొటో పంపమని అడగండి. పెద్దది చేసి ఒక్కో మాటా చూడండి. పేర్లు, ఇంటిపేర్లు ఎవరివి వాళ్లకే పంపి చూడమనండి. ఒక చిన్న ఉపాయం: చివరి మాట నుంచి మొదటికి వెనక్కి చదవండి. వాక్యం అర్థం అడ్డు రాదు కాబట్టి ఒక్కో మాట విడిగా కనిపిస్తుంది. మీరు రాసింది మీ కంటికి ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది, ఇంకొకరికి కూడా చూపించండి. ఇంట్లో పెద్దవాళ్లో, తెలుగు మాష్టారో ఉంటే ఇంకా మంచిది. దిద్దిన తర్వాత రెండో ప్రూఫ్ కూడా అడగండి. ఒకటి సరిచేస్తూ ఇంకోటి చెడగొట్టడం మామూలే.

ఇతరుల రాతలో తప్పు కనిపిస్తే గ్రూపులో అందరి ముందూ దిద్దకండి. అలా దిద్దించుకున్న మనిషి తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లిపోతారు, తెలుగుకు మిగిలేది నష్టమే. విడిగా మెసేజ్ పెట్టండి. శుభలేఖ అచ్చయిపోయి ఉంటే ఏమీ అనకండి, ఆ ఇంట్లో ఉన్న టెన్షన్‌కు అది తోడవుతుంది. బడి గోడ మీద రాత అయితే మాత్రం ఊరుకోకండి. పిల్లలు దాన్ని రోజూ చూస్తారు, అలాగే నేర్చుకుంటారు. సరైన మాటలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, థ పొట్టలో చుక్కతో సహా రాసి, వెళ్లి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. మళ్లీ రంగు వేసేటప్పుడు పెయింటరు ఆ కాగితం చూసే రాస్తాడు.